ఇంటి పని, ఇంట్లో పని

కాలేజీలో చేరిన రోజు ఆఫీసులో ఇచ్చిన ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట "వ్యవసాయం" అనీ, తల్లి వృత్తి అన్నచోట "గృహిణి" అనీ రాశాను. రాసేటప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆ ఫారంతో పాటు కట్టిన ఫీజు మాత్రం మా అమ్మ బీడీలు చుట్టి దాచిన డబ్బు. అక్క వృత్తి అడిగే గడి అందులో లేదు గానీ, ఉన్నట్లయితే "సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ప్రస్తుతం ఇంటి నుంచే పని" అని కాస్త గర్వంగానే రాసి ఉండేదాన్ని. ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు ఇంట్లో కూర్చుని పని చేసి సంపాదిస్తుంటే, ఒకరిది ఉద్యోగమనీ, ఇంకొకరిది అంట్లు తోమడం లాంటిదేననీ నేనెలా అనుకున్నానో తర్వాత తలుచుకుంటే సిగ్గేసింది. ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

ఇంటి నుంచి పని చేయడం పనివాళ్లకు ఇష్టమా, కష్టమా? ఈ ప్రశ్న మీద పత్రికల్లో పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు చాలా చెప్పారు. పని చేసేవాళ్లు ఏమనుకుంటారన్నది నాకు కావలసింది. అందుకు మా ఇల్లు, మా వాడ, స్టాటిస్టిక్స్ పాఠంలో తగిలిన ఒక ప్రయోగం, ఈ మూడే నాకున్న సామగ్రి.

మాట కొత్తదే గాని సంగతి పాతది. మగ్గం ఇంట్లోనే ఉండేది, సారె ఇంట్లోనే తిరిగేది. ఇంగ్లండులో కూడా ఫ్యాక్టరీలు రాకముందు వర్తకులు నూలు ఇళ్లకు పంపి బట్ట నేయించుకునేవారు. ఫ్యాక్టరీ వచ్చాకనే ఇల్లు ఒకచోట, పని ఒకచోట అయ్యాయి. యంత్రంతో పాటు గడియారం కూడా వచ్చింది. మళ్లీ పనిని ఇంటికి తేవచ్చునన్న ఆలోచనను 1973లో అమెరికాలో జాక్ నిల్లెస్ అనే ఆయన ముందుకు తెచ్చాడు. రోజూ వేల కార్లు మనుషుల్ని ఆఫీసుకు మోసుకుపోయే బదులు, టెలిఫోను తీగ మీద పనినే మనిషి దగ్గరికి పంపితే సరిపోదా అన్నది ఆయన వాదం. పెట్రోలు ధర మండిపోతున్న రోజులు కనుక విన్నవాళ్లు బాగుందన్నారు, కాని యాజమాన్యాలు పెద్దగా కదలలేదు. కళ్ల ముందు లేని మనిషి పని చేస్తున్నాడని నమ్మడమెలా అన్నదే అడ్డం వచ్చింది. యాభై ఏళ్లయినా ఆ అడ్డం పూర్తిగా తొలగలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నేనప్పుడు తొమ్మిదో తరగతి. (తొమ్మిదీ, పదీ రెండూ పబ్లిగ్గా పరీక్ష రాయకుండానే గట్టెక్కిన బ్యాచ్ మాది. లెక్చరర్లు ఆ మాట అప్పుడప్పుడూ గుర్తు చేస్తూనే ఉంటారు.) హైదరాబాద్ హాస్టల్ నుంచి మా అక్క కంపెనీవాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ బట్టల మధ్య చుట్టి పెట్టుకుని, దొరికిన బండి పట్టుకుని ఊరు చేరింది. మాది జగిత్యాల వైపు ఊరు. మూడెకరాల్లో పసుపు, మక్క, కాలువ నీళ్లొస్తే వరి. ఇంట్లో గదులు రెండు. లోపలి గదిలో ఫ్యాన్ కింద అమ్మ చాట ఉండే చోటు అక్కకు ఇచ్చాం. కుర్చీ ఒకటి, టేబుల్ లేక బియ్యం డ్రమ్ము మీద పలక ఒకటి. తంబాకు ఘాటుకు అక్కకు తుమ్ములు, కత్తెర చప్పుడు మీటింగులో వినిపిస్తుందని భయం. అమ్మ అర్రలోంచి అరుగు మీదికి వచ్చింది. "మీ అక్క కంప్యూటర్ ఇంట్లకొచ్చింది, నా చాట బయటికొచ్చింది" అని నవ్వుతూనే అన్నది. అప్పుడు మేమంతా నవ్వాం.

ఇంకో తమాషా చూడండి. దేశంలో ఎవరెవరో కొత్తగా ఇంటి నుంచి పని మొదలుపెట్టిన ఆ రోజుల్లోనే, ఇరవై ఏళ్లుగా ఇంటి నుంచే పని చేస్తున్న మా అమ్మకు పని లేకుండా పోయింది. కార్ఖానా మూశారు, తునికాకు రాలేదు, తంబాకు రాలేదు, చుట్టినవి తీసుకునేవారు లేరు. కొన్ని వారాల పాటు అరుగు మీద చాట బోర్లించి ఉంది. ఇంట్లో ఉన్నంత మాత్రాన పని మన చేతిలో ఉన్నట్లు కాదని నాకు తెలిసింది అప్పుడే. ఆకు కార్ఖానాది, తంబాకు కార్ఖానాది, లెక్క కార్ఖానాది. ఇల్లొక్కటే మనది.

అక్క మొదటి ఏడాది ఎంతో సంతోషంగా ఉంది. హాస్టల్ అద్దె మిగిలింది. ఎల్బీ నగర్ దగ్గర నుంచి గచ్చిబౌలికి పోయి రావడం తప్పింది. అమ్మ చేతి తిండి. సాయంత్రం నాన్నతో కలిసి పసుపు చేను దాకా నడక. ఆ ప్రయాణం తప్పడమే పెద్ద వరమని ఇంటి నుంచి పని చేసినవాళ్లందరూ అంటారు. 27 దేశాల్లో జరిపి 2023లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఇంటి నుంచి పని చేసిన రోజున మనిషికి సగటున 72 నిమిషాల ప్రయాణం మిగులుతుందని తేలింది. అంతవరకూ బాగానే ఉంది. మిగిలిన ఆ సమయంలో దాదాపు 40 శాతం మళ్లీ పనికే పోయిందని కూడా అదే అధ్యయనం చెప్పింది! బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయే గంటను కంపెనీ తీసుకుందన్నమాట. అక్క విషయంలోనూ ఇదే చూశాను. 2021 వచ్చేసరికి అన్నం తింటూ ఒక కన్ను తెర మీద, రాత్రి పదకొండుకు "ఒక్క చిన్న కాల్" అని లోపలికి పోవడం. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంటే మనిషి సీట్లో ఉన్నట్లు లెక్కట. కాసేపు మౌస్ కదలకపోతే అది పసుపు పచ్చగా మారుతుంది. పసుపు రంగును చూసి భయపడే మనిషిని పసుపు పండించే ఇంట్లో మొదటిసారి చూశాను.

ఇప్పుడు నేను చెప్పిన ప్రయోగం సంగతి. చైనాలో సీ-ట్రిప్ అనే పెద్ద ప్రయాణాల కంపెనీ ఉంది. టిక్కెట్లు, హోటళ్లు ఫోన్ మీద బుక్ చేసి పెట్టే కాల్ సెంటర్ దానికి షాంఘైలో ఉండేది. అద్దెలు ఎక్కువవుతున్నాయి, ఉద్యోగులు తరచు మానేస్తున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆర్థికశాస్త్రజ్ఞుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ఆ కంపెనీతో కలిసి 2010, 2011లలో ఒక పరీక్ష పెట్టారు. ఇంటి నుంచి పని చేయడానికి ఎవరు ముందుకొస్తారని అడిగితే సగం మంది వచ్చారు. అంటే ఊరికే ఇస్తామన్నా మిగతా సగం మంది వద్దనుకున్నారన్నమాట. వచ్చినవారిలో అర్హులను తీసుకుని, పుట్టిన తేదీ సరిసంఖ్య అయినవాళ్లను వారానికి నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉంచారు, బేసి సంఖ్యవాళ్లను ఆఫీసులోనే ఉంచారు. స్టాటిస్టిక్స్ చదివే మిత్రులకు దీని అందం వెంటనే తెలుస్తుంది. పుట్టిన తేదీకి, పని సామర్థ్యానికి సంబంధం లేదు కనుక, రెండు గుంపుల మధ్య కనిపించే తేడా ఇంటి వల్ల వచ్చిందే గాని మనుషుల వల్ల వచ్చింది కాదు.

తొమ్మిది నెలల తర్వాత చూస్తే ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఇందులో 9 శాతం ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల. విరామాలు తగ్గాయి, జ్వరమొచ్చిందని సెలవు పెట్టడం తగ్గింది. తక్కిన 4 శాతం ఇల్లు నిశ్శబ్దంగా ఉండటం వల్ల నిమిషానికి ఎక్కువ ఫోన్లు మాట్లాడగలగడం. ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. కంపెనీ సంబరపడి, ఇక ఎవరి ఇష్టం వారిదని అందరికీ తలుపు తెరిచింది. అప్పుడు జరిగింది నన్ను బాగా ఆలోచింపజేసింది. కోరి ఇంటికి వెళ్లినవారిలో దాదాపు సగం మంది తిరిగి ఆఫీసుకు వచ్చేశారు. ఒంటరితనం అన్నారు. మరో సంగతి కూడా అంకెల్లో కనిపించింది. సమానంగా పని చేసినా ఇంటి దగ్గరున్నవారికి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి.

అంటే మొదట అడిగితే ఒక మాట, తొమ్మిది నెలలు చేశాక అడిగితే ఇంకో మాట. పనివాళ్ల అభిప్రాయం రాయిలాంటిది కాదు, అనుభవంతో మారుతుంది. యాజమాన్యాల అభిప్రాయమూ అంతే. అదే కంపెనీ తర్వాత 1,612 మంది మీద, వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి దగ్గర ఉండే పద్ధతిని పరీక్షించింది. ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. పని ఏమీ తగ్గలేదు, మానేసేవారు మూడో వంతు తగ్గారు. పరీక్షకు ముందు పని పాడవుతుందన్న మేనేజర్లే ఆ తర్వాత మాట మార్చారు.

మొదటి ప్రయోగంలో ఒక చిన్న షరతు ఉంది. చదివినప్పుడు దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంటి దగ్గర పని చేయాలంటే ఆ మనిషికి పని చేసుకోవడానికి విడిగా ఒక గది ఉండాలి. లేనివారు అసలు లెక్కలోకే రారు. మా అమ్మ షాంఘైలో పుట్టి టెలిఫోన్ మాట్లాడ్డం నేర్చి ఉన్నా ఆ ప్రయోగంలో చోటు దొరికేది కాదు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల మిత్రులకు బీడీల సంగతి చెప్పనక్కర లేదు. తక్కినవారి కోసం నాలుగు మాటలు. ముందు రాత్రి ఆకు తడిపి గుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున దాన్ని కొలత ప్రకారం కత్తిరించాలి. ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మలవాలి. నేను పదేళ్లప్పుడే మూతులు మలవడం నేర్చుకున్నాను. తర్వాత కట్టలు కట్టి కార్ఖానాకు పట్టుకుపోతే అక్కడ ఒక్కొక్క కట్ట చూసి, బాగా లేనివి తీసేసి, మిగిలినవి లెక్క రాసుకుంటారు. కూలి వెయ్యికి ఇంత అని. వెయ్యి చుట్టడానికి ఎన్ని గంటలు పట్టిందో ఎవరూ అడగరు.

కిందటి సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు అమ్మ పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఎన్నిసార్లు లేచిందో, ఎందుకు లేచిందో రాద్దామని. పాలు పొంగుతున్నాయని, నల్లా వచ్చిందని, నాన్న తువ్వాల కనబడటం లేదని, బర్రె తాడు తెంచుకున్నదని, నాయనమ్మకు మందు బిళ్ల అని, పక్కింటామె చింతపండుకు వచ్చిందని. మధ్యాహ్నానికి నోట్‌బుక్కులో పేజీ నిండింది. అక్క మీటింగులో ఉంటే "సప్పుడు చెయ్యకుండ్రి" అని ఇంటిల్లిపాదినీ కసిరింది అమ్మే. ఆమె పని చేస్తున్నప్పుడు చప్పుడు చేయవద్దని ఇన్నేళ్లలో ఒక్కరమూ అనలేదు. వెయ్యి బీడీలకు పన్నెండు గంటలు పట్టడానికి కారణం చేతిలో వేగం లేక కాదు.

మా వాడలో అడిగి చూశాను. ఈ పని ఇంట్లో చేయడం మంచిదా, పొద్దున పోయి సాయంత్రం వచ్చే చోటైతే మంచిదా అని. నడివయసు దాటినవాళ్లు చాలామంది ఇల్లే మంచిదన్నారు. ఎండకు పోయే పని లేదు, ఒకరి మాట పడే పని లేదు, నడుం నొస్తే కాసేపు ఒరగవచ్చు. వాళ్ల మాట కొట్టిపారేయదగింది కాదు. నాట్లకు వంగి వంగి చేసినవాళ్లకు నీడ విలువ తెలుసు. కాని చిన్న వయసు కోడళ్లు వేరే చెప్పారు. మా వైపు చాలా ఇళ్లల్లో మగవాళ్లు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటారు. మగమనిషి వేల మైళ్ల అవతల పని చేస్తుంటే, ఆడమనిషి పిల్లల్ని, అత్తమామల్ని, ఉన్న గుంట భూమిని వదిలి గడప దాటలేదు. ఆమెకు బీడీల చాట ఎంచుకున్న పని కాదు, మిగిలిన పని. "ఇష్టమా అంటే ఏం జెప్పాలె? ఇంకోటి ఉంటే గద ఇది ఇష్టమో కాదో తెలిసేది" అని ఒకామె నన్నే ఎదురు ప్రశ్న వేసింది. షాంఘై ప్రయోగంలో అందరికంటే పెద్ద సౌకర్యం గదీ కాదు, ఇంటర్నెట్టూ కాదు. వద్దనుకుంటే తిరిగి పోవడానికి ఒక ఆఫీసు ఉండటం.

ఇంటి దగ్గర పని చేసేవారు ఉద్యోగులేనా అన్న తగాదా కూడా మన దేశంలో సాఫ్ట్‌వేర్ కంటే ముందు బీడీల మీదనే తేలింది. ఇది చాలామందికి తెలియదు కనుక కాస్త విపులంగా రాస్తాను. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇళ్లలో చుట్టేవారిని కూడా అది కార్మికులుగానే లెక్కించింది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో మంగుళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందన్నది. తర్వాత ప్రావిడెంట్ ఫండ్ దగ్గర మళ్లీ పేచీ. వాళ్లెక్కడో వాళ్లింట్లో, వాళ్లిష్టమొచ్చిన వేళ చుట్టుకుంటారు, మేం పక్కన నిలబడి చూడం, అలాంటప్పుడు వాళ్లు మా ఉద్యోగులెలా అవుతారని యజమానుల వాదన. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. తెచ్చిన బీడీని బాగాలేదని తిప్పి కొట్టే హక్కు నీ చేతిలో ఉందంటే ఆ పని మీద నీ అజమాయిషీ ఉన్నట్లేనని తేల్చి, ఇంట్లో చుట్టేవారికీ పీఎఫ్ వర్తిస్తుందన్నది. ఆ తీర్పు చదివాక అక్క తెర మీది పచ్చ చుక్క గుర్తొచ్చింది. పక్కన నిలబడకుండా అజమాయిషీ చేయడం ఎలాగో బీడీ కార్ఖానాలకు ఎప్పుడో తెలుసు. 1966 నాటి చట్టాన్ని 2020లో చేసిన కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఇంటి దగ్గర పని చేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక చేసింది గాని దాన్ని ఆమోదించిన దేశాల్లో మనది లేదు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టాక, పీఎఫ్ కార్డు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఏమిటో మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలిసింది. ఆ కార్డు లేకపోతే ఇరవై ఏళ్ల పనికి సాక్ష్యం వేలి కొసల నలుపు ఒక్కటే.

ఖర్చుల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇందులో వాదించడానికేమీ లేదు. పని ఇంటికి వచ్చినప్పుడు పని స్థలపు ఖర్చు కూడా ఇంటికే వస్తుంది. అక్కకు కరెంటు, నెట్టు, ఆ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిపెట్టిన నడుం నొప్పి. అమ్మకు దీపం, కత్తెర, చోటు, వాటితో పాటు గాలి. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కార్ఖానాలో అయితే ఆ దుమ్ము పని చేసేవారికే తగిలేది, ఇంట్లో అయితే పక్కన ఉయ్యాలలో ఉన్నవాళ్లకూ తగులుతుంది. ఆ ఉయ్యాలలో ఒకప్పుడు పడుకున్నది నేనే.

2023 చివర్లో అక్కను కంపెనీవారు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు. ఆ రాత్రి ఆమె ఏడ్చింది. మళ్లీ హాస్టల్, మళ్లీ అద్దె, మళ్లీ బస్సు. నాన్న ఏమీ అనలేకపోయాడు. వాన పడితే పని, పడకుంటే ఆలోచన అన్న బతుకు ఆయనది, ఆఫీసు టైము మీద ఆయన ఏం చెప్పగలడు? అమ్మ మాత్రం "పో బిడ్డా, పోతె నలుగురు కనబడ్తరు" అన్నది. అంతకు ముందు ఏడు, ముందుగానే ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టినవారికి ప్రమోషన్ వచ్చి అక్కకు రాలేదన్న సంగతి అమ్మకు చెప్పలేదు, అయినా ఆమె ఆ మాటే అన్నది. అక్క వెళ్లింది. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, ఆఫీసు రోజులే బాగున్నాయనీ, ఇంటి రోజులు తీసేస్తే మాత్రం ఊరుకోననీ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నది. అవి ఒకదానికొకటి అడ్డమని నాకనిపించలేదు.

అక్క వెళ్లాక అమ్మ చాట మళ్లీ ఫ్యాన్ కిందికి వచ్చింది. ఆ బియ్యం డ్రమ్ము మీద పలక ఇప్పుడు నాది. దాని మీదే ఈ వ్యాసం రాస్తున్నాను. కిందటి వారం, రెండు రోజులుగా నేను అన్నానికి కూడా లేవకుండా రాయడం చూసి ఏం రాస్తున్నావని అమ్మ అడిగింది. కాలేజీ పుస్తకానికి, ఇంట్లో కూర్చుని చేసే పని గురించి అని చెప్పాను. చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"వెయ్యికి ఎంతిస్తరట?"